ధైర్యం వచ్చాక మొదలుపెడదాం అనుకునేవాళ్ళ కోసం

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఏ ఇంటి తలుపు తట్టినా మొదలుకాని పని ఒకటి లోపల ఉంటుంది. గ్రూప్స్‌కి చదువుదామని కొన్న పుస్తకాలు అట్ట నలగకుండా బీరువా మీద ఉంటాయి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇంట్లో కుర్రాడు వాటిని ఆన్‌లైన్‌లో అమ్ముదామని ఫోటోలన్నీ తీసి ఫోన్లో దాచుకుని ఉంటాడు. పొదిలిలో జాకెట్లు కుట్టే అమ్మాయి ఒక గది అద్దెకు తీసుకుని నలుగురికి కుట్టు నేర్పాలనుకుంటుంది. వీళ్ళెవరూ సోమరులు కారు. పొద్దున్నే లేచి ఇంటి పని, బయటి పని చక్కబెట్టుకునే మనుషులే. ఆ ఒక్క పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడదు.

ఎందుకు ఆడదన్నదే ఇక్కడ చూడాల్సిన సంగతి. దీనికి మనం ఇచ్చుకునే జవాబులు రెండు: ‘టైం లేదు’, ‘బద్ధకం’. రెండూ తప్పని నా నమ్మకం. నమ్మకం మాత్రమే కాదు, గత యాభై ఏళ్ళలో ఈ విషయం మీద జరిగిన పరిశోధన కూడా ఆ రెండింటి వైపు లేదు.

కావలిలో నాకు వరసకు వదిన అయ్యే ఆమె ఒకామె ఉంది. చేపల పులుసు పెట్టిందంటే మర్నాటికి దాని రుచే వేరు. కొరమీనైనా, బొమ్మిడాయిలైనా, మామిడికాయ ముక్క ఎప్పుడు వెయ్యాలో, చట్టి ఎప్పుడు దించాలో ఆమె చేతికి తెలుసు. ఇంట్లో చేసి ఆర్డర్ల మీద ఇద్దామని ఎప్పటినుంచో అనుకుంటోంది.

“వదినా, ఎప్పుడు మొదలుపెడతావు?”

“పెడతాలే అబ్బయా. ఈ ఆషాఢం పోనీ.”

ఆషాఢం పోయాక శ్రావణం. వ్రతాల నెలలో సగం ఇళ్ళు నీసు ముట్టవు. దసరాకి పిల్లలొస్తారు, చెయ్యి తీరదు. కార్తీకంలో చేపలు ఎవరు తింటారు? సంక్రాంతి అయ్యాక పిల్లల పరీక్షలు. దేనికది విడిగా చూస్తే ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ కలిపి చూస్తే ఏడాదిలో ఖాళీగా ఒక్క వారం మిగలదు.

ఒకసారి ఆమె కాగితం ముందేసుకుని కూర్చుంది. చేప ధర, నూనె, చింతపండు, మామిడికాయ, గ్యాసు అన్నీ వరసగా రాసింది. కింద ‘కిలో’ అని రాసి పక్కన గీత గీసింది. అక్కడ పెన్ను ఆగింది. ఎంత చెప్పాలి? ఎక్కువ చెబితే నవ్వుతారేమో, తక్కువ చెబితే నష్టపోతామేమో, అసలు నా పులుసుకి డబ్బులిచ్చి కొనేవాళ్ళు ఉంటారా? మొహం కొద్దిగా బిగుసుకుంది. “ముందు డబ్బాలు చూడాలి అబ్బయా, పులుసు కారకూడదు గదా” అని ఫోన్ తీసింది. మూతల రకాలు, సైజులు, ధరలు చాలాసేపు చూసింది. మొహం మళ్ళీ తేటపడింది. కిలో పక్కన గీత అట్టాగే ఉంది.

పని కాదు, పని తాలూకు బాధ

అక్కడ జరిగిందేమిటో జాగ్రత్తగా చూస్తే వాయిదా గుట్టంతా అందులోనే ఉంది. డబ్బాలు చూడటం పనే, పైగా అవసరమైన పని. కానీ ఆ నిమిషంలో ఆమె ఫోన్ తీసింది డబ్బాల కోసం కాదు. ధర రాయబోతే కలిగిన ఇబ్బంది నుంచి బయటపడటానికి. బయటపడింది కూడా. మనసుకి ఆ హాయి వెంటనే దొరికింది కాబట్టి, మళ్ళీ ధర రాయాల్సి వచ్చినప్పుడు మనసు ఆ దారినే వెతుకుతుంది. అలవాటు పడేది ఇలాగే.

కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో వాయిదా మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన తిమోతీ పిచిల్, ఫ్యూషియా సిరోయిస్ అనే పరిశోధకురాలితో కలిసి 2013లో ఈ మాటే చెప్పారు. వాయిదా వేసేవాళ్ళకు గడియారం చూడటం రాక కాదు. అప్పటికప్పుడు మనసును కుదుటపరచుకోవడానికి వాళ్ళు ఆ దారి పడుతున్నారు, దాని ఖర్చు రేపటి తమ మీద పడుతుంది. అందుకే టైంటేబుల్ గీసుకోవడం, గోడకి క్యాలెండర్ తగిలించుకోవడం లాంటివి చాలామందికి పనిచేయవు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి.

ఈ హాయి ఎంత నిజమో, ఎంత తాత్కాలికమో 1997లో డయాన్ టైస్, రాయ్ బామీస్టర్ అనే మనస్తత్వవేత్తలు అమెరికా కాలేజీ విద్యార్థుల మీద చేసిన పరిశీలనలో తేలింది. టర్మ్ మొదట్లో, పనులు వాయిదా వేసే పిల్లలకే మిగతావాళ్ళకంటే ఒత్తిడి తక్కువ, ఒంట్లో నలతలు కూడా తక్కువ. టర్మ్ చివరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. మొత్తం కలిపి చూస్తే వాళ్ళు పడ్డ అవస్థే ఎక్కువ, మార్కులూ తక్కువే. మొదట్లో దొరికే ఆ లాభం ఉండబట్టే ఈ అలవాటు తెలివైనవాళ్ళని కూడా వదలదు.

మరి ఆత్మసందేహం ఇందులోకి ఎక్కడ వచ్చింది? క్యాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన పియర్స్ స్టీల్ అప్పటిదాకా వాయిదా మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ పోగేసి 2007లో ఒక పెద్ద సమీక్ష రాశాడు. వాయిదాతో గట్టిగా ముడిపడ్డవాటిలో పని మీద విముఖత, ఫలితం చాలా దూరంలో ఉండటం, మనసు చపలంగా ఉండటంతో పాటు ‘ఇది నావల్ల అవుతుంది’ అన్న నమ్మకం తక్కువగా ఉండటం కూడా తేలింది. కొత్త పని విషయంలో ఈ నాలుగూ ఒక్కసారే వచ్చి కూర్చుంటాయి. ఫలితం ఎప్పుడో వస్తుంది, చేయగలమో లేదో తెలియదు, తెలియకపోవడం బాధగా ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. రోజూ చేసే పనుల్లో చురుగ్గా ఉండే మనిషి కొత్త పని ముందు మాత్రం బిగుసుకుపోవడంలో వింత లేదు.

రెండు భయాల్ని విడదీయాలి

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. భయమంతా మనసు చేసే మాయ అని చెప్పే ఉపన్యాసాలు నాకు నచ్చవు. మన జిల్లాల్లో భయపడటానికి కారణాలున్నాయి. 1990ల మొదట్లో నెల్లూరు తీరం పొడవునా రొయ్యల గుంటలు తవ్వి డబ్బు చూసిన ఇళ్ళు, తెల్లమచ్చ వైరస్ వచ్చాక ఎలా కుదేలయ్యాయో చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. ప్రకాశం జిల్లాలో పొగాకు పండించి వేలం కేంద్రానికి బేళ్ళు తీసుకెళ్ళి, ధర విని తలపట్టుకున్న రైతు ఇంట్లో ‘కొత్తది మొదలుపెడతా’ అంటే పెద్దాయన వద్దంటాడు. ఆ వద్దన్న మాట వెనక అనుభవం ఉంది, దాన్ని పిరికితనం అనకూడదు. మెట్ట పొలంలో విత్తనం చేతిలో పట్టుకుని వాన కోసం ఆగే రైతు చేసేది కూడా వాయిదా కాదు. ఆగితే తనకే నష్టమని తెలిసీ, ఆగాల్సిన పనేమీ లేకపోయినా ఆగడమే వాయిదా.

అందుకే కలిసిపోయిన రెండు ప్రశ్నల్ని ముందు వేరుచేయాలి. ‘పోతే ఎంత పోతుంది?’ అన్నది ఒకటి. ‘నేను సరిపోతానా?’ అన్నది రెండోది. మొదటిదానికి కాగితం మీద జవాబుంది. రెండోదానికి లేదు. మన చిక్కేమిటంటే, రెండోది అడగడానికి సిగ్గుపడి దాన్ని మొదటి ప్రశ్న వేషంలో అడుగుతాం. “నష్టం వస్తే ఎట్టా?” అని వదిన అన్నప్పుడల్లా లెక్క వేసి చూపించొచ్చు: రెండు కిలోల చేప, కాస్త నూనె, గ్యాసు, నాలుగు డబ్బాలు. ఎవరూ కొనకపోతే ఇంటిల్లిపాదీ రెండు పూటలు తింటారు. అంతకు మించి పోయేది లేదు. అయినా భయం తగ్గలేదంటే అది డబ్బు భయం కాదని ఆమెకే అర్థమవుతుంది. అదే ఎవరైనా పొలం తాకట్టు పెట్టి చెరువు లీజుకు తీసుకుంటానంటే, కాగితం మీద లెక్కే ‘ఆగు’ అని చెబుతుంది. అప్పుడు ఆగడమే మంచిది. ముందు ఒక పంట కాలం ఇంకొకరి చెరువు దగ్గర పనిచేసి, మేత లెక్క, నీళ్ళ లెక్క నేర్చుకుని రావచ్చు. అది కూడా మొదలుపెట్టడమే.

రెండో ప్రశ్న అంత తేలిగ్గా లొంగదు. ‘ఆడలేక మద్దెల ఓడు’ అని మనకో సామెత ఉంది. ఓడిపోయాక మద్దెల మీద నెపం పెట్టేవాళ్ళ గురించి అది. ఆటకు ముందే మద్దెలకు చిల్లు పెట్టుకునేవాళ్ళు కూడా ఉంటారని 1978లో స్టీవెన్ బెర్గ్‌లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగంలో చూపించారు. కొందరు విద్యార్థులకు జవాబే లేని ప్రశ్నలిచ్చి, బాగా చేశావని మెచ్చుకున్నారు. ఎలా బాగా చేశారో వాళ్ళకే తెలియదు. రెండో పరీక్షకు ముందు రెండు మాత్రలు చూపించి ఒకటి ఎంచుకోమన్నారు: ఒకటి బుర్రను చురుగ్గా చేస్తుందని, ఇంకొకటి మందగింపజేస్తుందని చెప్పారు. తమ శక్తి మీద నమ్మకం లేని ఈ విద్యార్థులు, ముఖ్యంగా మగపిల్లలు, మందగించే మాత్ర వైపే ఎక్కువగా మొగ్గారు. ఓడిపోతే మాత్ర మీదికి పోతుంది, తమ మీదికి రాదు. ఆఖరి వారం దాకా పుస్తకం తెరవని పిల్లవాడు చేస్తున్నదీ అదే. మూడు నెలలు చదివి ఫెయిలైతే ‘తెలివి లేదు’ అని ఒప్పుకోవాలి. వారమే చదివి ఫెయిలైతే ‘చదవలేదు గానీ, చదివుంటేనా’ అనుకోవచ్చు. మొదలుపెట్టని పని ఎప్పటికీ ఓడిపోదు. వాయిదాలో మనిషి కాపాడుకునేది తన గురించి తనకున్న ఆ బొమ్మనే.

సాధించాకైనా సందేహం పోతుందా అంటే, అందరికీ పోదు. పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అదే 1978లో, డిగ్రీలు, పదవులు, పేరు అన్నీ సంపాదించి కూడా ‘నేను మోసం చేస్తున్నాను, ఎప్పుడో బయటపడుతుంది’ అని లోలోపల నలిగే స్త్రీల గురించి రాశారు. అంత సాధించినవాళ్ళకే పోని సందేహం ఇంట్లో కూర్చున్న మనకు ముందుగానే పోవాలని ఎదురుచూడటం వృథా.

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఇప్పటికీ నిలిచే ఉంది. ‘నావల్ల అవుతుంది’ అన్న నమ్మకానికి ఆయన నాలుగు ఆధారాలు చెప్పాడు. తాను చేసి చూడటం అన్నింటికంటే బలమైనది. తనలాంటి మనిషి చేయగా చూడటం దాని తర్వాతది. నలుగురూ ధైర్యం చెప్పడం మూడోది, ఇది బలహీనమైనది. గుండె దడ, చేతుల చెమట లాంటి ఒంటి సంకేతాల్ని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది నాలుగోది. పాములంటే వణికిపోయేవాళ్ళతో ఆయన పనిచేసినప్పుడు, ఇంకొకరు పామును పట్టుకోగా చూసినవాళ్ళకంటే, ఒక్కో మెట్టూ దాటి తామే ముట్టుకున్నవాళ్ళకు ధైర్యం ఎక్కువగా వచ్చింది. వరస గమనించండి. ధైర్యం వచ్చాక ముట్టుకోలేదు, ముట్టుకున్నాక ధైర్యం వచ్చింది. మనం తిరగేసి పట్టుకున్నది ఇక్కడే.

దీనికి రుజువు కావాలంటే విదేశీ ప్రయోగశాలల దాకా పోనక్కర్లేదు, నెల్లూరు జిల్లా చరిత్రలోనే ఉంది. 1990ల మొదట్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలి పని చేసిన ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నారు. అక్కడ అక్షరాలతో పాటు తమ ఇళ్ళ సంగతులు కూడా మాట్లాడుకున్నారు. కూలి డబ్బంతా సారాకి పోతోందన్న మాట ఒకరు ఎత్తితే పక్కామె అదే చెప్పింది. 1992లో దూబగుంటలో ఆ ఆడవాళ్ళు కలిసి కదిలి తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ళు మొదటి రోజున ‘రాష్ట్రంలో మద్యనిషేధం తెద్దాం’ అనుకుని బయల్దేరలేదు. తమ ఊళ్ళో, తమ వీధిలో, ఆ ఒక్క అంగడి. ఆ ఊరి కథ తర్వాత కొత్తగా చదువు నేర్చుకునేవాళ్ళ వాచకంలో పాఠమైంది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు దాన్ని కూడబలుక్కుని చదివారు. చదివిన ఊళ్ళు కదిలాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఆ నిషేధాలు తర్వాత ఏమయ్యాయన్నది వేరే కథ. ఇక్కడ చూడాల్సింది ఆ పాఠం ఎందుకు పనిచేసిందన్నది. పట్నం నుంచి వచ్చిన అధికారి ‘మీరు చేయగలరమ్మా’ అని చెబితే అది మూడో రకం, మాట. దూబగుంటలో చేసింది తమలాగే కూలికి పోయే ఆడవాళ్ళు, తమలాగే నిన్న మొన్న అక్షరాలు దిద్దినవాళ్ళు. ‘ఆమె చేసిందంటే నేనెందుకు చేయలేను?’ అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. పెద్ద పెద్ద పారిశ్రామికవేత్తల విజయగాథలు ఎన్ని విన్నా మనకు అంటకపోవడానికి కారణం కూడా ఇదే. ఆయన ఎక్కడ, మనమెక్కడ? కొత్తది మొదలుపెట్టాలనుకునేవాళ్ళు చూడాల్సింది తమకంటే ఒకే ఒక్క మెట్టు పైన ఉన్న మనిషిని, పోయినేడాది ఇదే ఊళ్ళో ఇదే పని మొదలుపెట్టిన మనిషిని.

నెల్లూరు రొట్టెల పండుగను ఈ కళ్ళతో చూస్తే నాకు ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులోకి దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. వ్యాపారం రొట్టె, ఇంటి రొట్టె, ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె అని పేర్లు పెట్టి పిలుస్తారు. కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరినవాళ్ళు తర్వాతి ఏడు రొట్టె తెచ్చి అదే కోరిక ఉన్నవాళ్ళకు ఇస్తారు. నమ్మకం ఎవరిది వాళ్ళది, దాని జోలికి నేను పోను. కానీ మోకాటి లోతు నీళ్ళలో జరిగేదేమిటో చూడండి. అంగడి పెట్టుకోవాలని ఏడాదిగా తటపటాయిస్తున్న మనిషి, పోయినేడాది ఇదే కోరికతో నిలబడి ఈ ఏడు అంగడి పెట్టుకుని వచ్చిన మనిషి చేతిలోంచి రొట్టె అందుకుంటాడు. కళ్ళెదురుగా, తనలాంటి మనిషి. పైగా తిరిగి వచ్చి ఇవ్వాల్సిన బాకీ కూడా ఒకటి మిగులుతుంది.

ఒంగోలు వాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారికి చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఆ పనిని లోకం చిన్నచూపు చూసే రోజుల్లో. జిల్లాకు కొడుకు పేరు పెట్టుకున్నాం. ఆ తల్లి మొదటి పూట వంట చేసి మొదటి పరాయి మనిషికి డబ్బులకు వడ్డించిన రోజు గురించి కూడా మన పిల్లలకు చెప్పాలని నాకు అనిపిస్తుంది.

ముహూర్తం మంచిదే, ఎదురుచూపే చెడ్డది

ఆషాఢం, మూఢం, శూన్యమాసం అంటూ ఆగేవాళ్ళను చూసి చదువుకున్నవాళ్ళు విసుక్కుంటారు. నేను విసుక్కోను. ముహూర్తంలో ఒక గొప్ప తెలివి ఉంది. పూజకు ముందు పురోహితుడు సంకల్పం చెప్పించేటప్పుడు విన్నారా? నెల్లూరు, ఒంగోలులో అయితే ‘శ్రీశైలస్య ఆగ్నేయ ప్రదేశే’ అంటూ ఎక్కడున్నామో చెప్పిస్తాడు. ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం అని చెప్పిస్తాడు. ఏ గోత్రం, ఏ పేరు గల మనిషి చేస్తున్నాడో చెప్పిస్తాడు. చివరికి ఏ పని చేయబోతున్నాడో ‘కరిష్యే’ అని అతని నోటితోనే అనిపిస్తాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏమిటి. ఒక్కటీ గాలికి వదల్లేదు.

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించింది ఇలాంటి ప్రశ్నల శక్తినే. 1997లో వెరోనికా బ్రాండ్‌స్టాటర్‌తో కలిసి ఆయన విద్యార్థులకు ఒక పని అప్పగించాడు: క్రిస్మస్ ముందురోజు ఎలా గడిపారో, రెండు రోజుల్లోపు రాసి పంపాలి. సగం మందిని ‘ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తావో ఇప్పుడే చెప్పు’ అన్నాడు. మిగతావాళ్ళను అడగలేదు. రాయాలన్న కోరిక అందరికీ ఉంది. కానీ స్థలం, సమయం చెప్పినవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది సకాలంలో రాసి పంపితే, చెప్పనివాళ్ళలో మూడోవంతు మందే పంపారు. ‘త్వరలో’ అన్నప్పుడు ప్రతి రోజూ మనసుతో కొత్తగా బేరం ఆడాలి. ‘ఆదివారం పొద్దున ఏడింటికి, చేపల మార్కెట్ నుంచి రాగానే’ అన్నప్పుడు బేరం అప్పటికే ముగిసిపోయింది.

కాబట్టి ముహూర్తం పెట్టించుకోండి. అయితే అది ప్రారంభోత్సవానికి. రుచి చూపించడానికి, ధర అడగడానికి, ఒక డబ్బా ఎదురింటికి అమ్మడానికి ఏ పంచాంగమూ అడ్డు చెప్పదు. మంచిరోజు కోసం ఆగుతున్నామా, మంచిరోజు చాటున దాక్కుంటున్నామా అన్నది తేల్చుకోవడానికి ఒక్కటే గుర్తు: ఆ రోజు వచ్చేలోపు చేయదగ్గ చిన్న పనులు జరుగుతున్నాయా లేదా.

మొదటి పని ఎంత ఉండాలి

సారా ఉద్యమం వెనకే నెల్లూరు ఆడవాళ్ళు పొదుపు మొదలుపెట్టారు. రోజుకు ఒక్క రూపాయి. ఆ రూపాయితో ఎవరి అప్పూ తీరదు. కానీ ‘నేను దాచగలను’ అన్నది రోజూ రుజువవుతూ వచ్చింది. మొదటి పని ఎంత ఉండాలన్నదానికి నాకు తెలిసిన మంచి కొలత అదే: సందేహం అడ్డు చెప్పలేనంత చిన్నది, అయినా నిజమైనది.

నిజమైనది అన్న మాట వదిలేయకూడదు. అంగడికి పేరు వెతకడం, లోగో గీయించడం, వీడియోలు చూడటం, డబ్బాల సైజులు పోల్చడం ఇవన్నీ చిన్న పనులే, కానీ ఇందులో ఎవరూ మనల్ని కాదనే వీలు లేదు. కాదనే వీలున్న పని ఒకటి చేస్తేనే మొదలుపెట్టినట్టు. వదిన విషయంలో అది కాగితం మీద గీత దగ్గర ఒక అంకె రాసి, బంధువు కాని ఒక మనిషికి చెప్పడం. గ్రూప్స్ చదివే ఆయనకు పాత ప్రశ్నపత్రం ఒకటి టైం పెట్టుకుని రాసి మార్కులు వేసుకోవడం. గరిటెల కుర్రాడికి ఒక్క గరిటె అమ్మి పోస్టులో పంపడం.

కాగితాల భయం చాలామందికి నిజం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. చిన్న వ్యాపారానికి ఉద్యం రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా, మన సొంత ప్రకటన మీదే జరుగుతోంది. పత్రాలు అప్‌లోడ్ చేయాల్సిన పని లేదు. 2015లో వచ్చిన ముద్ర పథకంలో ‘శిశు’ అనే అన్నిటికంటే చిన్న రకం రుణం 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. తిండి పదార్థాలు అమ్మేవాళ్ళు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, దాన్ని దాటవేయకూడదు. ఇవేవీ నెలల తరబడి నలగాల్సిన పనులు కావు.

టైం విషయంలో మాత్రం మన అంచనాను మనం నమ్మకూడదు. రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. ఈ తేడా తెలియకపోతే, మూడో వారంలో పని వెనకబడగానే ‘నావల్ల కాదని ముందే తెలుసు’ అనుకుంటాం. వెనకబడింది పని కాదు, అంచనా. అందరిదీ అలాగే వెనకబడుతుంది.

చేతిలో డబ్బు, ఉత్సాహం ఒకేసారి ఉండే రోజులు తక్కువ. పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న రైతులు ఎరువు వేయాలని అనుకుంటూనే ప్రతి ఏడూ వేయలేకపోతున్నారని ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రేమర్, జొనాథన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలు గమనించారు. పంట అమ్మిన వెంటనే, డబ్బు చేతిలో ఉండగానే, ‘ఇప్పుడే కొంటే ఇంటికి ఉచితంగా తెచ్చిస్తాం, కొద్ది రోజులే’ అని చెబితే కొనేవాళ్ళు బాగా పెరిగారు. తర్వాత, వేయాల్సిన అదునులో, అంతకంటే చాలా పెద్ద రాయితీ ఇస్తే ఎంత ఫలితం వస్తుందో ఈ చిన్న వెసులుబాటుతోనే అంత వచ్చింది. 2011లో అచ్చయిన ఈ పరిశోధన మన పొగాకు, మిరప రైతు ఇళ్ళకు కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం. బేళ్ళు అమ్ముడైన వారంలోనే కుట్టు మిషన్‌కో, కోర్సు ఫీజుకో పక్కన పెట్టిన డబ్బు నిలుస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్ దాకా ఆగితే ఉండదు.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతారు. ఆరంభశూరత్వం అని మనల్ని మనం తిట్టుకోవడం అప్పుడు మొదలవుతుంది. ఆ తిట్లే మళ్ళీ వాయిదాకు కారణమవుతాయి: పని గుర్తుకొస్తే తిట్లు గుర్తుకొస్తాయి, అందుకని పని వైపే చూడం. మైఖేల్ వోల్, పిచిల్, షానన్ బెన్నెట్ 2010లో మొదటి ఏడాది కాలేజీ విద్యార్థుల్ని గమనించారు. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినవాళ్ళలో, అందుకు తమను తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకు వాయిదా వేయడం తగ్గించారు. మనం పెరిగిన పద్ధతికి ఇది మింగుడుపడని మాట. తిడితేనే బుద్ధొస్తుందని మన ఇళ్ళలో నమ్మకం. పిల్లవాడి విషయంలోనూ, మన విషయంలోనూ అది తప్పు.

నెలల తరబడి ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నిద్ర, తిండి చెడటం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం ఉంటే అది ఈ వ్యాసం చెప్పే వాయిదా కాదు. వైద్యం అవసరమైన కుంగుబాటు కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఇంట్లోవాళ్ళు, చుట్టాలు చేయగలిగింది ఒకటుంది. ‘నువ్వు చేయగలవు’ అని చెప్పడం మంచిదే గానీ, బండూరా చెప్పిన వరసలో మాటకు బలం తక్కువ. దానికి బదులు మొదటి గిరాకీగా వెళ్ళండి. చుట్టరికం చూపించి ఊరికే తినకుండా, ఆమె చెప్పిన ధర బేరం ఆడకుండా ఇచ్చి అర కిలో పులుసు కొనండి. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందని చెప్పండి. బాగుంటే మీ ఆఫీసులో ఇద్దరికి ఆమె నంబరు ఇవ్వండి. వాళ్ళు ఆమెకు ఏమీ కారు, కాబట్టి వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారంటే అది పులుసు కోసమే.